తరుగు

మిర్యాలగూడ, రైస్ మిల్లు, రాత్రి పన్నెండున్నర.
కోతలు ఇంక జోరందుకోలే.
కాంటా గదిల నేనొక్కన్నే, నా ముందట కంప్యూటరు,
దాని లోపట ఒక లోకం:
ఆరు మూలల గడులు, గడికొక గుట్ట, గడికొక వాగు.
లారీకి లారీకి నడుమ ఇరవై నిమిషాలు.
ఇరవై నిమిషాలల్ల రెండు వంతులు ఆడొచ్చు.

మొదట్ల నాకు యుద్ధం రాలే.
సిపాయి పుట్టుడు ఆలస్యం, కోట మీదికి తోలేటోన్ని.
ఒకడు గోడకింద పడ్డంక ఇంకొకడు బయలెల్లేది.
చీమల లెక్క బారుగ పోయిండ్రు,
చీమల లెక్కనే పోయిండ్రు.
నా పట్నాలకు మనూర్ల పేర్లే పెట్టుకుంట.
నూట నలభయ్యో వంతుకు దామరచర్ల పాయె,
నూట అరవైకి హాలియా,
ఆఖరుకు సముద్రం ఒడ్డున అడవిదేవులపల్లి,
కాపలకు ఒక్క బల్లెపోడు.

సైదులు హమాలీల మేస్త్రి. మౌసు ముట్టినోడు కాదు.
చాయ్ తెచ్చి నా ఎనక నిలవడి సూశిండు.
"గట్ల ఒక్కొక్కన్నే తోల్తవేందే?
పదిమందిమి ఒక్కసారి వంగితె లారీ ఖాళీ.
ఒక్కన్నే ఎక్కిస్తె, లారీనే వాన్ని తింటది."

గా రాత్రి ఎనిమిది వంతులు ఊకున్న.
ఊకునుడు ఎంత కష్టమో ఆడినోనికే ఎరుక.
రాళ్లు ఇసిరే బండ్లు నాలుగు, అడవి సాటున.
బల్లేలోళ్లు ముందట, విలుకాండ్లు వాళ్లెన్క,
గుర్రాలు అందరికన్న ఎన్క. గుర్రానికి గోడతోని పనేంది,
ఉరికేటోని ఎంబడి పడుడే దాని పని.
వాగుల నిలవడి కొట్లాడొద్దు. గుట్ట దొరికితె దిగొద్దు.
పానం సగమైనోన్ని ఎన్కకు గుంజుకోవాలె,
పుండు మానిన పాతోడు ముగ్గురు కొత్తోళ్ల పెట్టు.
ఇద్దరితోని ఒక్కపారే కయ్యం పెట్టుకోవద్దు:
ఒకనికి ఉప్పు పంపి, ఇంకొకని గోడ పడగొట్టాలె.
ఇవన్ని నాకెవ్వరు జెప్పలే.
ఓడుడే జెప్పింది, నెల దినాలు, లారీకి లారీకి నడుమ.

మొదటి కోట పడ్డనాడు
బయట లారీ హారన్ కొట్టి కొట్టి సాలిచ్చింది, నాకు ఇనరాలే.
గెల్సినంక ఎరుకైంది, పట్నం గెల్సుడు వేరు,
పట్టుకొని కూసునుడు వేరు.
పన్నెండు ఉన్న జనం అంకె ఆరయింది.
నడిబజార్ల సిపాయి నిలవడకుంటే
గా ఆరు గూడ నాకు పన్ను కట్టది.

లెక్కలకు నేను కొత్తోన్ని కాదు.
లోడు బరువుల నుంచి ఖాళీ బరువు తీస్తె వడ్లు.
గెల్సిన ఊర్లల్ల నుంచి పోయినోళ్లను తీస్తె?
మొన్నటి ఆటల ఐదు పట్నాలకు ఇద్దరే పోయిండ్రు.
సైదులుకు సూపిచ్చిన.
"తరుగు తక్కువనే," అన్నడు, చాయ్ గ్లాసులు ఏరుకుంట.

ఇప్పుడు కోతలు ముదిరినయి. ఆటకు సందు లేదు.
తెల్లారుజాము నాలుగింటికి
త్రిపురారం దిక్కుకెల్లి ఒక ట్రాక్టరు.
బస్తాల మీద ఈదమ్మ, నెత్తికి తువ్వాల.
అరవై ఎనిమిది బస్తాలు. తేమ పదిహేడు.
"అంతా సక్కగనే ఉన్నది గద సారూ,
బస్తాకు రెండు కిలోలు ఎందుకు కోస్తున్రు?"
సేటు లెక్క, అన్న. మీట నొక్కిన.
నూట ముప్పయారు కిలోలు
చప్పుడు లేకుంట పోయినయి.
చీటీ మలిచి కొంగున ముడేసుకున్నది.
ఒక్కతే వచ్చింది, ఏం కొట్లాడతది.

ఆమె ఎనక ఇంకో ట్రాక్టరు. దాని ఎనక ఇంకోటి.
గేటు నుంచి రోడ్డు పొడుగూత బారు,
ఒక్కొక్కలే,
ఒక్కొక్కలే కాంటా ఎక్కుతున్నరు.
నాకు ఈ బారు యాదికున్నది.

అద్దంల నుంచి సూస్తున్న:
సైదులు చాయ్ బకెట్ పట్టుకొని
ప్రతి ట్రాక్టరు కాడ ఆగుతున్నడు,
చాయ్ పోసుడుకన్న జరంత ఎక్కువసేపు.
ఏం జెప్తున్నడో ఇనరాదు.
ఒకడు ఇంజన్ బంద్ వెట్టి దిగిండు. ఇంకొకడు దిగిండు.

కాంటా మీద ఎవ్వరు లేరు, సున్న సూపిస్తున్నది.
పక్క తెర మీద ఆట, నిన్న ఆపిన కాన్నే ఆగి,
నీ వంతు, అంటున్నది.